గొప్పలక్క సాక్ష్యం

గని గేటు పక్క గోడకి ఇత్తడి పలక బిగించిన నాటినుంచీ గొప్పలక్క ఇంటి దగ్గర కాస్త ముందే బయల్దేరుతోంది. పలక ముందు ఆగి, మెడలోని తుండుగుడ్డ తీసి, తన పేరున్న వరసని శుభ్రంగా తుడుస్తుంది. ఆ కిందే ఇంజనీరుగారి పేరూ ఉంది. దాని జోలికి మాత్రం పోదు. ఎవరి పేరు వాళ్ళే తుడుచుకోవాలని ఆమె వాదన.

ఆ పలక మీదున్నది ఆమె పేరేనని గనిలో సగంమందికి తెలీదు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హాజరు పట్టీలోనే ఉండిపోయింది, నోళ్ళలో తిరిగేది గొప్పలక్కే. ఆ బిరుదు ఊరికే రాలేదు. టీ పెడితే తనలా పెట్టేవాళ్ళు పుట్టలేదంటుంది. జ్వరమొస్తే, అంత జ్వరం ఇంకొకళ్ళకి వచ్చుంటే మంచం దిగేవాళ్ళు కాదంటుంది. వినీ వినీ అందరి చెవులూ చిల్లులు పడ్డాయి గానీ, పని దగ్గర ఆమెని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. ఉంటే వాళ్ళ సంగతి వేరే చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆమె పని చూటు దగ్గర. పై బెల్టు మోసుకొచ్చిన ఇనప ఖనిజం కింది బెల్టు మీదికి జారిపడే ఇనప గొట్టమే చూటు. ఇద్దరు మనుషుల ఎత్తుంటుంది. ఎండాకాలమంతా బుద్ధిగా ఉంటుంది. వానలు మొదలయ్యాయంటే ఖనిజం ముద్దయి గోడలకి పట్టేస్తుంది, పట్టినదాని మీద ఇంకాస్త పడుతుంది, చివరికి గొంతు పూడిపోతుంది. అప్పుడు బెల్టు ఆపి, నడుముకి తాడు కట్టుకుని, పైనున్న కిటికీలోంచి ఒక మనిషి లోపలికి దిగి గునపంతో పొడవాలి. ముద్ద ఎప్పుడు విడుతుందో దానికే తెలియాలి. విడిందంటే కాళ్ళ కింద ఆధారం పోయినట్టే. పైన తాడు పట్టుకున్నవాళ్ళు ఏమరుపాటున ఉంటే ఆ మనిషి కూడా ఖనిజంతోపాటు కిందికి పోవలసిందే.

గొప్పలక్కకి ఆ దిగడమంటే ఒళ్ళు మంట. భయమని చచ్చినా ఒప్పుకోదు, చిరాకంటుంది. ఆ చిరాకులోనే ఒకప్పుడు, వెల్డింగు షాపులో పనిచేసే మొగుడి ప్రాణం తీసి, చూటు లోపల గోడ వెంబడి ఒక ఇనప రేకుని మడతబందుల మీద వేలాడదీయించింది. దానికి బయటినుంచి పొడుగాటి పిడి పెట్టించింది. బయట నిలబడి పిడి లాగితే లోపల రేకు ఊగి గోడకి ఒక్కటిచ్చుకుంటుంది, పట్టిన ముద్ద ఊడి కింద పడుతుంది. ఎవరూ లోపలికి దిగనక్కర్లేదు. చూటు దగ్గర ఆడవాళ్ళు దానికి చెంపదెబ్బ అని పేరు పెట్టుకున్నారు. కంపెనీవాళ్ళు తీసుకున్న పేటెంటు కాగితంలో దాని పేరు ఎంత పొడుగ్గా ఉందంటే, చదివేవాళ్ళకి మధ్యలో ఊపిరాడదు. గేటు పక్క పలక బిగించింది ఆ పేటెంటు వచ్చినందుకే.

ఆవేళ పలక తుడిచి లోపలికి అడుగుపెట్టేసరికి, ఇంజనీరుగారి గదికి రమ్మని కబురు.

గదిలో ఇంజనీరుతోపాటు పెద్దాఫీసు నుంచి వచ్చిన లాయరున్నాడు. బక్కపల్చటి మనిషి, మర్యాదస్తుడు. ఆమె కూచునేదాకా తను కూచోలేదు. గొప్పలక్క ఆ సంగతి వెంటనే మనసులో రాసిపెట్టుకుంది, మధ్యాహ్నం టీ దగ్గర చెప్పడానికి.

"ఈ వస్తువు మీ ఆలోచనలోంచి వచ్చిందమ్మా," అన్నాడు లాయరు. "పక్క గనివాళ్ళు ఇప్పుడు దాన్ని కాదంటున్నారు."

గొప్పలక్క ఒంటికాలి మీద లేచింది. "కాదంటే? పనిచెయ్యట్లేదంటారా? ఎవరన్నారో ఇక్కడికి రమ్మనండి, వాళ్ళ ముందే పిడి లాగి చూపిస్తాను!"

"పనిచేస్తోంది కాబట్టే గొడవ. కూచోండమ్మా." లాయరు నెమ్మదిగా చెప్పాడు. పక్క గని చూటులో కూడా అచ్చం అలాంటిదే వేలాడుతూ ఉండేదట. కంపెనీ తీసెయ్యమని నోటీసిచ్చింది, వాళ్ళు తీసేశారు. తీసేసి, ఈ పేటెంటే చెల్లదని పేటెంటు ఆఫీసులో ఫిర్యాదు పడేశారు. కంపెనీ అర్జీ పెట్టకముందే తమ గనిలో అది అందరి కళ్ళముందూ నడుస్తోందని వాళ్ళ వాదన. "పేటెంటు ఇవ్వాలంటే వస్తువు కొత్తదై ఉండాలి. అర్జీకి ముందే బయట నలుగురూ వాడుకుంటున్నారని తేలితే కొత్తది కాదన్నమాట. పేటెంటు రద్దు చేసేస్తారు."

"చేస్తే?"

"గేటు దగ్గర పలకా ఉండదు. కనిపెట్టినవాళ్ళుగా మీ పేరూ ఉండదు."

గొప్పలక్క కుర్చీ అంచుకి జరిగింది. ఇన్నేళ్ళ బతుకులో ఆమె పేరు ఎవరైనా ఇనుమంత గట్టి వస్తువు మీద రాశారంటే అది అక్కడే.

"వాళ్ళ పనివాళ్ళు వాళ్ళ యజమానికి అనుకూలంగానే చెప్తారు, అది ఎవరైనా అనుకునేదే," అన్నాడు లాయరు. "మీరు కనిపెట్టిన మనిషి. మీ మాటకే బరువు. ఎల్లుండి విచారణలో మిమ్మల్ని అడుగుతాను, అర్జీకి ముందు పక్క గనిలో ఇలాంటిది చూశారా అని. అబద్ధం చెప్పమని నేననను. గుర్తులేదంటే చాలు."

"గుర్తులేదనా?"

"గుర్తులేదనే. దాన్ని ఎవరూ కాదనలేరు." అతను ముందున్న బొమ్మ మీద వేలు పెట్టాడు. రేకు కింది అంచు బయటికి వంగి ఉంది. "ఇంకోటి. దీని ప్రాణమంతా ఈ వంపులో ఉంది. వంపు లేకపోతే రేకు కిందే ముద్ద ఇరుక్కుంటుందట కదా. ఈ వంపు కూడా మీ ఆలోచనేగా?"

"మరెవరిది?" అంది గొప్పలక్క, అడిగినంతసేపు కూడా పట్టకుండా.

ఇంజనీరు సంతోషంగా తలూపాడు. ఈ గొడవ సర్దుకుంటే ఆమెని శిక్షణ కేంద్రానికి మారుస్తారని, కంపెనీకున్న గనులన్నిటిలోనూ చూటు పని ఆమే నేర్పుతుందని చెప్పాడు. గొప్పలక్క బయటికొచ్చి వానలో నిలబడింది. టీ దగ్గర లాయరు మర్యాద గురించి చెప్పాలన్న సంగతే మర్చిపోయింది.

మర్చిపోదూ మరి! పక్క గనిలో ఆ చెంపదెబ్బని చూశావా అని అడుగుతారట. దాన్ని అక్కడ వేలాడదీసిందే ఆమె. ఆ సంగతి లాయరుకీ తెలీదు, ఇంజనీరుకీ తెలీదు.

సాయంత్రం మొగుడు గుమ్మంలో కూచుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. వెల్డింగు నిప్పురవ్వలు పడీపడీ అతని చేతులనిండా చిన్నచిన్న మచ్చలు. గొప్పలక్క జరిగింది చెప్పింది. అతను కత్తి పక్కన పెట్టి నవ్వడం మొదలెట్టాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నువ్వా? గుర్తులేదనడమా? మన పెళ్ళిలో మా మేనత్త నీతో ఏమందో ఇప్పటికీ ఆవిడ గొంతుతో సహా చెప్తావు కదే!"

"ఏమందో తెలుసా అసలు..."

"తెలుసు, తెలుసు, చెప్పకు." అతను చేతులడ్డం పెట్టాడు. "ఆ విచారణ చేసేవాళ్ళు నమ్మితే నమ్ముతారేమో. నేనైతే నమ్మను."

"నిన్నెవరు నమ్మమన్నారు? నోరుమూసుకుని ఉంటే చాలు."

"నేనెప్పుడు తెరిచాను?" మళ్ళీ కత్తి అందుకున్నాడు. "వంపు సంగతే ఇన్నాళ్ళూ మింగి కూచున్నాను."

గొప్పలక్క పొయ్యి మీద గిన్నెని అవసరమైనదానికన్నా గట్టిగా కదిపింది. జవాబు చెప్పలేదు. ఆమె జవాబు చెప్పకపోవడం ఆ ఇంట్లో అరుదు కాబట్టి, మొగుడు కూడా ఇంక కదపలేదు.

వంపు సంగతి ఏంటంటే, అది గొప్పలక్కది కాదు, ఆమె వదినది. వదిన, అంటే స్వయానా అన్నయ్య భార్య, పక్క గనిలో చూటు దగ్గరే పనిచేస్తుంది. చెంపదెబ్బ పెట్టించిన కొత్తలో గొప్పలక్క దాన్ని తన గనిలో అందరికీ చూపించేసింది, ఇక చూపించడానికి మనుషులు మిగల్లేదు. వదినకి చూపించకపోతే కనిపెట్టి మాత్రం ఏం లాభం? అందుకని ఒక మధ్యాహ్నం అన్నం వేళ, కంచెలో సందు దాటి, వెల్డింగు సామానుతో మొగుణ్ణి లాక్కుపోయి, వదిన చూటులో కూడా ఒకటి వేలాడదీయించింది. సాయం చేద్దామని కాదు, మూతి మీద కొట్టినట్టుంటుందని. వదిన నాలుగు రోజులు పిడి లాగి చూసి, రేకు తిన్నగా ఉంటే దానికిందే ముద్ద చేరుతోందని కనిపెట్టింది. కింది అంచు కాల్చి బయటికి వంచమని తమ గని వెల్డరుకి చెప్పింది. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. గొప్పలక్క వెళ్ళి చూసింది, మారుమాట్లాడకుండా ఇంటికొచ్చి, తన రేకుని కూడా అలాగే వంచమంది. ఆ సాయంత్రానికల్లా ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఆమే అందరికీ చెప్తోంది.

మర్నాడు అన్నం వేళ గొప్పలక్క గొడుగేసుకుని కంచె దాటింది. వదినకి నచ్చజెప్పాలని ఆమె ఉద్దేశం. మీరూ చూసీచూడనట్టు ఊరుకుంటే అందరికీ మంచిదని చెప్పాలనుకుంది. మాటలు కూడా పేర్చుకుంది. చూటు దగ్గరికి వెళ్ళేసరికి వదిన నడుముకి తాడు బిగించుకుంటోంది.

బెల్టు ఆగి ఉంది. పిడి ఉండాల్సినచోట ఖాళీ బొక్క, దానికి గుడ్డ కుక్కారు. పైమెట్టు మీద ముగ్గురాడవాళ్ళు తాడు పట్టుకుని కాళ్ళు ఎడం చేసి నిలబడ్డారు. వదిన గునపం ముందు లోపలికి వదిలి, తర్వాత ఒక కాలు, తర్వాత రెండో కాలు పెట్టి కిటికీలోకి జారింది. కాసేపటికి ఆమె తల మీద కట్టుకున్న గుడ్డ మాత్రమే కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు. లోపల్నుంచి గునపం చప్పుడొస్తోంది. ఇనుముకి తగిలితే ఒక రకం, ముద్దకి తగిలితే ఇంకో రకం. గొప్పలక్కకి ఆ రెండింటి తేడా నిద్రలో కూడా తెలుస్తుంది. ముద్దకి తగిలే చప్పుడు ఉన్నట్టుండి మారింది.

"పట్టండి!" అని ఆమె అరిచేలోపే తాడు గుంజుకుపోయింది. ముందు నిలబడ్డావిడ మోకాళ్ళ మీద పడింది గానీ తాడు వదల్లేదు. కింద బెల్టు మీద ఖనిజం దబ్బున పడిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. ముగ్గురూ కలిసి లాగుతుంటే కిటికీలోంచి ముందు వదిన చేతులు వచ్చాయి, ఆ తర్వాత ఎర్రమట్టి పూసిన మొహం వచ్చింది. ఒక కాలి బూటు లోపలే పోయింది. మోకాలి కింద చర్మం బారుగా లేచిపోయింది.

వదిన పుక్కిలించి ఎర్రగా ఉమ్మింది. అప్పుడు చూసింది మరదల్ని.

"వచ్చావా? పలకా నువ్వూ కులాసాయేనా?"

"వదినా, కాలు..."

"కాలు ఉందిలే, చూశాను." వదిన మెట్టు మీద కూచుని, మోకాలికి నీళ్ళు పోసుకుంది. మొహం చిట్లించింది.

గొప్పలక్కకి పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. "మీ యజమాని మా కంపెనీ దగ్గర అనుమతి తీసుకోవచ్చు కదా. డబ్బు కడితే ఇస్తారట."

"చెప్పాం. రేకుకన్నా తాడు చవకన్నాడు. మీ కంపెనీ వద్దంది, మా వాడు సరేనన్నాడు. మధ్యలో దిగేది నేను."

"రేపు నన్ను అడుగుతారు."

"తెలుసు. గుర్తులేదని చెప్తావట. మీ గనిలో గోడలకి చెవులున్నాయి." వదిన తలెత్తింది. "నేనేమైనా నీ కాళ్ళు పట్టుకున్నానా, నా తరఫున చెప్పమని? నీ పేరు, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం నా మొహం చూసి చెప్పు. వంపు ఎవరిది?"

"రేకు నాది."

"రేకు సంగతి అడగలేదు."

"రేకే లేకపోతే వంపు దేనికి పెడతావు వదినా, గాలికా?"

వదిన పకపకా నవ్వింది. నవ్వితే పళ్ళ మధ్య కూడా మట్టే. "అన్నీ నీవేలే తల్లీ. మీ అన్నయ్యని కూడా నువ్వే కనిపెట్టావు, నేనేదో ఊరికే కాపరం చేస్తున్నాను."

తాడు పట్టినవాళ్ళు కూడా నవ్వారు. ఇంతలో ఇందాక మోకాళ్ళ మీద పడ్డావిడ చెయ్యి చూపించింది, మణికట్టు దగ్గర అప్పుడే వాచిపోతోంది. చూటు సగమే తెరుచుకుంది. వదిన లేచి, అవతల ఎవరిదో పాత బూటు తొడుక్కుని, మళ్ళీ తాడు బిగించింది.

"వచ్చినదానివి ఎలాగూ వచ్చావు. ఒక చెయ్యి తక్కువైంది. తాడు పట్టుకో," అంది.

గొప్పలక్క గొడుగు మడిచి పక్కన పెట్టి, తాడు పట్టుకుంది. ముందు వరసలో నిలబడింది. వెనక నిలబడడం ఆమెకి చేతకాదు. వదిన దిగుతుంటే తాడు కొంచెంకొంచెంగా అరచేతుల్లోంచి జారుతోంది. తడితాడు మంటపెడుతోంది. వదిన బక్క మనిషని ఇన్నాళ్ళూ ఎగతాళి చేసింది. అంత బరువుంటుందని ఇప్పుడే తెలిసింది. లోపల గునపం ఒకసారి ఇనుముకీ ఒకసారి ముద్దకీ తగులుతుంటే, ప్రతి దెబ్బకీ గొప్పలక్క పళ్ళు బిగించింది. ముద్ద విడిపోయి బరువంతా ఒక్కసారి చేతుల మీద పడింది. మెట్టు అంచుకి కాలు తన్నిపెట్టి వెనక్కి వాలింది. వదిన మొహం కిటికీలో కనిపించేదాకా తాడు సడలనివ్వలేదు.

గొప్పలక్క గొడుగు అక్కడే మర్చిపోయి, తడుస్తూ వెనక్కొచ్చింది.

మధ్యాహ్నం డ్యూటీలో తన చూటు దగ్గర నిలబడి పిడి లాగింది. లోపల రేకు ఫెళ్ళుమంది. అరచేతులు బొబ్బలెక్కి పిడి సరిగ్గా పట్టనివ్వడంలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "గుర్తులేదు," అని పైకి అని చూసింది. పిడి లాగి ఇంకోసారి అంది. ఎన్నిసార్లన్నా అది వేరేవాళ్ళ గొంతులాగే ఉంది.

ఇంజనీరు రేపటి ప్రయాణం గురించి చెప్పడానికొచ్చాడు. కారొస్తుందన్నాడు. గొప్పలక్క కారు గురించి పట్టించుకోలేదు.

"సార్, వాళ్ళని కూడా వాడుకోనిస్తే మనకేం పోతుంది?"

"ఎవరుపడితే వాళ్ళు వాడుకుంటే మీకు బాధగా ఉండదా అక్కా? మీరు కనిపెట్టింది కదా."

"నలుగురూ వాడితేనే కదా సార్ నేను గొప్ప చెప్పుకునేది. మూసిపెట్టుకుంటే ఎవరికి చెప్పుకోను?" ఆమె పిడి వదిలి అతనివైపు తిరిగింది. "పోనీ, నాదే అంటున్నారుగా. అయితే నేను ఇచ్చేస్తున్నాను. మా వదినావాళ్ళని పెట్టుకోమని చెప్పండి."

ఇంజనీరు ఇబ్బందిగా నవ్వాడు. చెడ్డవాడు కాదు. "అలా కుదరదక్కా. కనిపెట్టినవాళ్ళ పేరు మీది, హక్కు కంపెనీది. నా విషయంలోనూ అంతే. చేరేటప్పుడే అందరం సంతకాలు పెట్టాం."

"అంటే నా వస్తువు నేనివ్వాలన్నా నాకు లేదా?"

"లేదు."

"గుర్తులేదని చెప్పడానికి మాత్రం నేనే కావాలా?"

ఇంజనీరు బెల్టువైపు చూశాడు. పొద్దున్న సిద్ధంగా ఉండమని చెప్పి వెళ్ళిపోయాడు. గొప్పలక్క కోపంగా పిడి ఇంకోసారి లాగింది. అయినా గేటు దాటేటప్పుడు పలక ముందు కాళ్ళు ఆగాయి. దాన్ని పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టంలేదు. ఎంతమాత్రం ఇష్టంలేదు. ఆ సంగతి తనతో తను కూడా దాచుకోలేదు.

విచారణ గదిలో పెద్ద బల్ల, దానికటు విచారణాధికారి. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఎవరు మాట్లాడుతున్నా వాళ్ళనే చూసే ఆడమనిషి. పక్కన టైపు చేసే అమ్మాయి. ఒకవైపు కంపెనీ లాయరూ ఇంజనీరూ, ఇంకోవైపు పక్క గని లాయరు. వెనక బెంచీ మీద వదిన, కాలికి కట్టుతో, కిటికీవైపు తిరిగి కూచుంది. గొప్పలక్క మొగుడు సెలవు పెట్టి వచ్చి అదే బెంచీ చివర ఒదిగాడు.

వదినావాళ్ళ సాక్ష్యం ముందే అయిపోయింది; రేకు అర్జీకి ముందే ఉందన్నారు గానీ, ఎవరు పెట్టారో వాళ్ళని ఎవరూ అడగలేదు. గొప్పలక్క ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకొచ్చింది. కుర్చీలో నిటారుగా కూచుని, బొబ్బల చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

లాయరు ముందు తేలికైనవి అడిగాడు. ఎన్నాళ్ళుగా పనిచేస్తోందో, రేకు ఆలోచన ఎలా వచ్చిందో. ఆమె బాగా చెప్పింది. విచారణాధికారి రెండుసార్లు నవ్వింది కూడా. అప్పుడు లాయరు గొంతు ఏమాత్రం మార్చకుండా అసలుది అడిగాడు.

"కంపెనీ అర్జీ పెట్టకముందు, పక్క గని చూటులో ఇలాంటి పరికరాన్ని మీరు చూసినట్టు గుర్తుందా?"

గదిలో పంకా తిరుగుతోంది. వదిన కిటికీలోంచి బయటికే చూస్తోంది. సాయం చెయ్యమని గానీ, చెయ్యొద్దని గానీ ఆ మొహంలో ఏమీ లేదు.

"చూడడమేంటి సార్," అంది గొప్పలక్క. "దాన్నక్కడ పెట్టిందే నేను."

లాయరు చేతిలో కలం ఆగింది. "అమ్మా, ప్రశ్న సరిగ్గా విన్నారా?"

"విన్నాను. మీరే నేను చెప్పేది సరిగ్గా వినండి." ఇక ఆమెని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కంచెలో సందు ఎటువైపుందో చెప్పింది. మొగుడు మోసుకొచ్చిన సామాను చెప్పింది, అతను అలిసిపోయానని ఎన్నిసార్లు సణిగాడో చెప్పింది. మడతబందులు ఏ పాత తలుపువో, వాటిని వదిన ఇంట్లోంచి ఎవరు పట్టుకొచ్చారో, మొదటిసారి పిడి లాగినప్పుడు ఎవరెవరు నిలబడి చూశారో, ఎవరు చప్పట్లు కొట్టారో, ఎవరు అసూయతో కొట్టలేదో, అన్నీ చెప్పింది. "దాచిపెట్టి చేసిన పని కాదు మేడమ్. చూడండి చూడండని నేనే అందర్నీ పిలిచాను."

"అది ఏ ఏడాదో మీరు పొరబడి ఉండొచ్చు," అన్నాడు లాయరు.

"నేనా? పొరబడడమా?" గొప్పలక్కకి నిజంగానే కోపమొచ్చింది. "ఈ సార్ అప్పటికి మా గనికి బదిలీ అయ్యి రానేలేదు. ఆయనొచ్చి, నా రేకు చూసి, బాగుందని పైకి రాశాకే కదా మీరు అర్జీ పెట్టింది?"

విచారణాధికారి ఇంజనీరువైపు చూసింది. అతను క్షణం ఆగి, "నిజమే. అర్జీ నేనొచ్చాకే," అన్నాడు.

విచారణాధికారి బొమ్మని ముందుకి లాక్కుంది. "ఈ కింది అంచు వంపు కూడా అప్పుడే ఉందా? అది ఎవరి ఆలోచన?"

ఇంతదాకా గలగలా పారిన నోరు టక్కున ఆగిపోయింది. కంచె దాటింది తనే, పెట్టింది తనే, అదంతా చెప్పుకోవడంలో ఒక గొప్ప ఉంది. ఇందులో ఏ గొప్పా లేదు. బెంచీ చివర మొగుడు ముందుకి వంగాడు. వదిన మొదటిసారి కిటికీ వదిలి ఇటు తిరిగింది.

"వంపు మా వదినది," అంది గొప్పలక్క, ఒళ్ళో చేతులకి చెప్తున్నట్టు.

"వినపడలేదు. గట్టిగా చెప్పండి."

ఆమెని గట్టిగా మాట్లాడమన్నవాళ్ళు ఇంతవరకు లేరు. గొప్పలక్క తలెత్తింది. "వంపు మా వదినది! అదిగో, కాలికి కట్టుతో కూచుంది చూడండి, ఆవిడది. నిన్న ఆ చూటులో దిగి చర్మం ఊడగొట్టుకుంది. ఆ కాలితోనే మళ్ళీ దిగితే తాడు నేను పట్టుకున్నాను." రెండు అరచేతులూ తెరిచి బల్ల మీద పెట్టింది. "రేకు మాత్రం నాది. అది కూడా రాసుకోండి."

వదిన ముక్కు ఎగపీల్చి, "ఇన్నాళ్ళకి," అంది. ఎవరూ ఆమెని మందలించలేదు.

కంపెనీ లాయరు లేచి, సాక్షి ఆందోళనలో ఉందని, విచారణ ఇంకో రోజుకి వాయిదా వెయ్యమని అడిగాడు.

"నాకే ఆందోళనా లేదు," అంది గొప్పలక్క.

విచారణాధికారి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఆమె గొంతు మెత్తబడింది. "చూడమ్మా. మీరు చెప్పినదంతా సాక్ష్యంగా నమోదు చేస్తే ఈ పేటెంటు నిలబడడం కష్టం. అది పోతే కనిపెట్టిన మనిషిగా మీ పేరు కూడా పోతుంది. మళ్ళీ రాదు. ఆలోచించుకోవడానికి టైము కావాలంటే ఇస్తాను."

గొప్పలక్క ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధం. ఇత్తడి పలక, శిక్షణ కేంద్రం, ఊరూరా తిరిగి చెప్పబోయే పాఠాలు, అన్నీ కళ్ళముందు కదిలాయి. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"టైమెందుకు మేడమ్? రాయించండి. ఆ చెంపదెబ్బ ఎవరు పెట్టుకుంటామన్నా పెట్టుకోవచ్చని రాయించండి. కింద నా పేరు కూడా పూర్తిగా రాయించండి. ఈ మాట చెప్పింది నేనేనని రేపెవరికీ అనుమానం రాకూడదు."

అని, ఎవరినీ అడక్కుండా బల్ల చుట్టూ తిరిగి టైపు చేసే అమ్మాయి వెనక్కి వెళ్ళింది. లాయరు ఏదో అంటున్నాడు, విచారణాధికారి చెయ్యెత్తి అతన్ని ఆపింది. గొప్పలక్క ఆ అమ్మాయి భుజం మీదుగా వంగి, తన పేరూ ఇంటిపేరూ ఒక్కో మాటే గట్టిగా చెప్పింది. అక్షరాలన్నీ పడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.